ధ్రువాలకు దారి గాదంకి మీదుగా

పిల్లలూ! మే నెలలో మిట్టమధ్యాహ్నం తిరుపతి బస్టాండు బయట నిలబడ్డారనుకోండి. ఎండ నలభై డిగ్రీలు దాటింది. చెప్పులు లేకుండా కాలు కింద పెట్టలేరు. ఇప్పుడొక ప్రశ్న. సున్నకు ఎనభై డిగ్రీలు తక్కువగా ఉండే చలి మీకు ఎంత దూరంలో ఉంది?

ఈ ప్రశ్న ఏ తరగతిలో అడిగినా ఒకే జవాబు వస్తుంది. “అంటార్కిటికాలో సార్! వేల కిలోమీటర్ల దూరంలో.” పుస్తకం ప్రకారం అది సరైన జవాబే. అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో 1983 జూలై 21న సున్నకు 89.2 డిగ్రీలు తక్కువ నమోదయింది. నేల మీద పెట్టిన థర్మామీటరు ఎక్కడా అంతకంటే తక్కువ చూపించలేదు. కాని అటువంటి చలి కోసం అంత దూరం పోనక్కరలేదు. మీ నెత్తి మీద నిలువుగా పదిహేడు కిలోమీటర్లు పైకి పోతే చాలు. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో బస్సు పోయే దూరం కంటే అది ఎక్కువేమీ కాదు. అక్కడ ఏడాది పొడుగునా ఇంచుమించు సున్నకు ఎనభై డిగ్రీలు తక్కువ. ఒక్కోసారి ఇంకో నాలుగైదు డిగ్రీలు దిగుతుంది కూడా.

ఎందుకలా? సైకిలు ట్యూబు వాల్వు తీసి, బయటికి వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడండి. చల్లగా తగులుతుంది. ఇరుకులో ఉన్న గాలి ఒక్కసారి వ్యాకోచిస్తే చల్లబడుతుంది. మన వంటి ఉష్ణ మండల దేశాల్లో ఎండకు నేల కాగి, గాలి బలంగా పైకి లేస్తుంది. పైకి పోయే కొద్దీ చుట్టూ పీడనం తగ్గుతుంది గనుక అది వ్యాకోచిస్తూ, చల్లబడుతూ పోతుంది. కింద ఎండ ఎంత ముదిరితే గాలి అంత ఎత్తుకు ఎక్కుతుంది. అందుకే ట్రోపో ఆవరణం మన మీద పదహారు, పదిహేడు కిలోమీటర్ల దాకా సాగి ఉంటుంది. ధ్రువాల మీద అది ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకే ముగిసిపోతుంది. మండే నేల మీది ఆకాశం ఆ ఎత్తులో, సంవత్సరంలో ఎక్కువ కాలం, మంచు నేల మీది ఆకాశం కంటే చల్లగా ఉంటుందన్నమాట. ముప్పై ఏళ్ల నుంచి పాఠం చెబుతున్నా ఈ సంగతి నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

ఈ వింతను చెప్పి ఊరుకోవడానికి ఇది రాయడం లేదు. నాకొక అభిప్రాయం ఉంది. మన బడుల్లో ధ్రువాల పాఠం తప్పు చోట మొదలవుతోంది. ఒక పెంగ్విన్ బొమ్మ, ఒక తెల్ల ఎలుగుబంటి బొమ్మ, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టిన బొమ్మ కూడా నేను చూశాను. ఒకటి దక్షిణాన, మరొకటి ఉత్తరాన ఉండే జీవులని బొమ్మ వేసినవారికి ఎవరూ చెప్పలేదు పాపం! పెంగ్విన్‌తో మొదలైన పాఠం పెంగ్విన్‌తోనే ముగుస్తుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పిల్లలకు అంటార్కిటికా పాఠం గాదంకి దగ్గర మొదలు కావాలంటాను నేను.

గాదంకి ఎక్కడో మీకు తెలుసు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, చంద్రగిరి దాటాక వస్తుంది. ఆ పేరు చెబితే ఇప్పుడు చాలామందికి టోల్ గేటే గుర్తొస్తుంది. కాని ప్రపంచంలో వాతావరణాన్ని చదివే శాస్త్రజ్ఞులకు ఆ పేరు వేరే కారణంగా తెలుసు. గుట్టల నడుమ ఉన్న ఆ చోట జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అది కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష శాఖకు చెందినది. 1990ల మొదట్లో జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రంగా మొదలైంది. 2005లో ఇప్పటి పేరు వచ్చింది. ఎం, ఎస్, టి అంటే మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాలు. మూడింటినీ తడిమి చూసే రాడార్ అది.

రాడార్ అనగానే గుండ్రంగా తిరిగే పళ్లెం మీ మనసులో మెదులుతుంది. ఇక్కడ అదేమీ లేదు. మీ తాతయ్యల కాలంలో ఇళ్ల కప్పుల మీద టీవీ ఏంటెన్నాలుండేవి, చేప ముళ్లలాగా. అటువంటివి వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1024 నేల మీద నాటి ఉన్నాయి. లెక్కల్లో చురుకైనవాళ్లు ఆ సంఖ్యను చూడగానే రెండును పదిసార్లు వేసి గుణించినదని గుర్తుపట్టి ఉంటారు. పొడుగూ వెడల్పూ 130 మీటర్లు. నాలుగు ఎకరాలకు పైన ఉంటుంది. మన దగ్గర నాలుగు ఎకరాల్లో చెనక్కాయలు వేస్తారు, వీళ్లు ఏంటెన్నాలు వేశారు! మొదట కట్టినప్పుడు దాని గరిష్ఠ శక్తి 25 లక్షల వాట్లు. దానిని మన దేశంలోనే రూపొందించి కట్టారు.

ఈ రాడార్ చూసేది విమానాలను కాదు, మబ్బులను కూడా కాదు. ఉత్త గాలిని! కంటికి కనబడని గాలిని రాడార్ ఎలా చూస్తుంది? వేసవిలో తారురోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు వణుకుతున్నట్టు కనిపిస్తుంది కదా? వేడి గాలి, చల్లగాలి కలగాపులగమై కాంతిని అటూ ఇటూ వంచడం వల్ల అలా కనిపిస్తుంది. ఆకాశంలో అంతటా గాలి ఇలా సుడులు తిరుగుతూనే ఉంటుంది. రాడార్ నుంచి పోయిన రేడియో తరంగం పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. అందులో సగం కొలతగల గాలి ముడతలు దానిలో రవంతను వెనక్కి తిప్పి పంపుతాయి. ఆ రవంతను పట్టుకోవడానికే అన్ని ఏంటెన్నాలు కావలసివచ్చాయి. ఇక పాకాల జంక్షన్లో రైలు కూత వినండి. బండి మన వైపు వచ్చేటప్పుడు కూత కీచుగా, దాటిపోయాక బొంగురుగా ఉంటుంది. తిరిగివచ్చిన తరంగంలో కూడా అటువంటి మార్పే ఉంటుంది. దానిని బట్టి గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో లెక్కకడతారు. పక్కకు వీచే గాలినే కాదు, సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా పైకెక్కే గాలిని కూడా ఈ రాడార్ కొలుస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మనకు పనుంది.

రాడార్‌కు తోడు లేజర్ కాంతితో పనిచేసే లైడార్ ఉంది. 1998లో జపాను సహకారంతో అది వచ్చింది. బెలూన్లు కూడా వదులుతారు. బెలూన్‌కు కట్టిన చిన్న పెట్టె ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచి రేడియో ద్వారా కిందికి చెబుతూ ముప్పై కిలోమీటర్ల దాకా పోగలదు. తరువాత బెలూన్ పగిలి పెట్టె ఎక్కడో పడిపోతుంది. మీ ఊరి పొలంలో అటువంటి తెల్లటి పెట్టె పడితే భయపడి పోలీసులకు ఫోన్ చేయకండి. దాని మీద ఏం రాసి ఉందో ముందు చదవండి.

ఇదంతా బాగుంది, దీనికీ ధ్రువాలకూ ఏమిటి సంబంధం అంటారా? అక్కడికే వస్తున్నాను.

ఇంగ్లండులో ఎలన్ బ్రూవర్ అనే శాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాల్లో పరికరాలు పంపి, స్ట్రాటో ఆవరణంలో తేమ ఎంతో కొలిచాడు. అక్కడి గాలి ఆశ్చర్యపడేంత పొడిగా ఉంది. ఇంగ్లండు మీద ఆ సరిహద్దు దగ్గర చలి మరీ ఎక్కువ కాదు. ఆ చలికి గాలిలోని తేమ అంతగా గడ్డకట్టి రాలిపోదు. మరి తేమ ఎక్కడ పోయింది? బ్రూవర్ 1949లో ఇచ్చిన జవాబు ఇది: ఈ గాలి ఇక్కడ పైకెక్కినది కాదు. భూమధ్యరేఖకు ఇరువైపులా ఉన్న ఉష్ణ మండలంలో, ఆ మహా చలిలోంచి దూరి వచ్చింది. తన తేమనంతా అక్కడ మంచుగా వదిలేసి, ఒట్టి పొడిగాలిగా ఇటు నడిచింది. అదే కాలంలో డాబ్సన్ అనే మరొక శాస్త్రజ్ఞుడు ఓజోన్ లెక్కలు చూసి ఇటువంటి దారినే ఊహించాడు. ఇప్పుడు ఆ ప్రవాహాన్ని వాళ్లిద్దరి పేరుతోనే పిలుస్తున్నారు.

అంటే స్ట్రాటో ఆవరణంలోకి గాలి పోవడానికి పెద్ద వాకిలి ఉష్ణ మండలమే. ఆ వాకిట్లో ఉన్న ఊళ్లలో గాదంకి ఒకటి. పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వాకిలి దాటిన గాలి మెల్లగా ఉత్తరానికీ దక్షిణానికీ మళ్లి, కొన్నేళ్లకు ధ్రువాల మీద కిందికి దిగుతుంది. ఎక్కే వేగం చాలా తక్కువ గనుక ప్రయాణానికి మూడేళ్లు, ఐదేళ్లు కూడా పట్టవచ్చు. 2022 జనవరి 15న పసిఫిక్ సముద్రంలో టోంగా దగ్గర హుంగా అగ్నిపర్వతం పేలి, సముద్రపు నీటిని ఆవిరిగా నేరుగా స్ట్రాటో ఆవరణంలోకి చిమ్మింది. అక్కడి మొత్తం తేమ ఇంచుమించు పదోవంతు పెరిగిపోయింది. మరుసటి ఏడాదికల్లా ఆ తేమ ధ్రువాల దిక్కుకు చేరడం ఉపగ్రహాలు చూశాయి. దారి ఉన్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఓజోన్ కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది. అతినీల లోహిత కిరణాలు ఆక్సిజన్‌ను చీల్చితే ఓజోన్ తయారవుతుంది. ఎండ ఎక్కువగా ఉండే ఉష్ణ మండలం మీదనే అది ఎక్కువగా తయారవుతుంది. కాని మన మీద నిలవ ఉండదు. పైగాలి దానిని ధ్రువాల వైపు తీసుకుపోతుంది. మన తోతాపురి మామిడి ఇక్కడే పండుతుంది, గుజ్జు మాత్రం డబ్బాల్లో దేశాంతరాలు పోతుంది. ఓజోన్ సంగతీ అంతే. అందుకే మన నెత్తిన ఓజోన్ పొర పైదేశాలవాళ్ల మీద ఉన్నంత మందంగా ఉండదు, ఎండ మాత్రం నిటారుగా పడుతుంది.

మంచి సరుకు పోయిన దారిలోనే చెడ్డ సరుకూ పోయింది. ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాలలోనూ వాడిన క్లోరోఫ్లోరో కార్బన్లు కింద దేనితోనూ కలవవు, వానకు కడిగివేయబడవు. వాటి ఆయువు యాభై ఏళ్ల నుంచి నూరేళ్లు. ప్రపంచమంతటా విడుదలైనవి గాలిలో కలిసిపోయి, ఈ ఉష్ణ మండలపు వాకిలి గుండా మెల్లగా పైకెక్కాయి. పైన కిరణాలకు విచ్చిపోయి, వాటిలోని క్లోరిన్ బయటపడింది. ఫ్రిజ్‌లు ఎక్కువ ఉన్నది ఉత్తరాన కదా, ఓజోన్ దెబ్బతిన్నది దక్షిణాన ఎందుకని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి నన్ను అడిగింది. చక్కటి ప్రశ్న. క్లోరిన్ అన్ని చోట్లా ఉంది. అంటార్కిటికా మీద చలికాలంలో గాలి ఒక పెద్ద సుడిలో చిక్కుకుని, నెలల తరబడి సూర్యుడు లేక, సున్నకు 78 డిగ్రీల కంటే తక్కువకు చల్లబడుతుంది. అప్పుడు స్ట్రాటో ఆవరణంలో కూడా మబ్బులు కడతాయి. ఆ మబ్బు కణాల మీద క్లోరిన్ విషపు రూపం దాలుస్తుంది. సెప్టెంబరులో సూర్యుడు తిరిగి రాగానే ఓజోన్‌ను తినడం మొదలుపెడుతుంది. ఉత్తర ధ్రువం మీద అంత చలి అంత కాలం నిలవదు. పుస్తకాల్లో రంధ్రం అంటారు గాని అది చిల్లి కాదు, పొర పలచబడడం.

ఇది ఎలా బయటపడిందో చూడండి. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికా అంచున హాలీ కేంద్రంలో 1957 ప్రాంతం నుంచి డాబ్సన్ కనిపెట్టిన పరికరంతో ఓజోన్ కొలుస్తూ వచ్చారు. రోజూ అదే పని. ఏళ్ల తరబడి ఆ పట్టికలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రియన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు ఆ అంకెలను ప్రకటించారు. అక్టోబరు నెల ఓజోన్ అంతకు ముందున్న దానిలో దాదాపు మూడోవంతు మాయమైంది! మూడేళ్లు తిరగకుండానే, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 2010 నాటికి ప్రపంచంలో క్లోరోఫ్లోరో కార్బన్ల తయారీ దాదాపుగా ఆగింది. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి 2066 ప్రాంతానికి చేరుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఇది చదువుతున్న మీకు అప్పటికి యాభై దాటుతాయి.

ఒక విద్యార్థి తండ్రి ఒకసారి నన్ను నిలదీశాడు. “ఏమి అయివోరా, ఆడెక్కడో మంచుగడ్డల మీద గాలి కొలిస్తే ఈడ మా బోరులో నీళ్లు పడతాయా?” ఆయన చెనక్కాయ పంట రెండేళ్లు వరసగా ఎండిపోయింది. ఆయన ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. ఇటువంటి చోట కొందరు గబగబా ఒక జవాబు చెబుతారు: ధ్రువాల పరిశోధన వల్ల రుతుపవనాల గుట్టు తెలుస్తుంది, కరువు తీరుతుంది అని. ఆ జవాబు నాకు నచ్చదు. రుతుపవనాలకూ దక్షిణ సముద్రాలకూ సంబంధం ఉన్న మాట నిజం. దానిని వెదికేవాళ్లు ఉన్నారు, ఉండాలి. కాని వచ్చే ఆషాఢానికి వాన తెస్తామని రైతుకు ఆశ పెట్టడం శాస్త్రం పని కాదు. పడవు అని చెప్పాను. “బోరులో నీళ్లు పడవు. నడినెత్తిన ఎండలో నువ్వూ నీ పిల్లలూ కలుపు తీస్తున్నప్పుడు ఆ ఎండ ఇంకా విషం కాకుండా ఆగింది మాత్రం, ఎవరో మంచులో కూర్చుని పనికిమాలిన అంకెలు పాతికేళ్లు రాయబట్టే” అన్నాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు. కాని కొడుకును సైన్సు ఫెయిర్‌కు పంపాడు.

అందువల్ల “మనకెందుకు?” అనే ప్రశ్నకు జవాబు మంచులో లేదు, మన గాలిలో ఉంది. వానాకాలంలో మన దేశం మీది మబ్బులు కింది పొగనూ ధూళినీ కూడా పైకి మోస్తాయి. రుతుపవనాల రోజుల్లో 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తున సన్నటి కణాల పొర ఏర్పడుతోందని ఉపగ్రహాలు చూపాక, మన ఇస్రో, అమెరికా నాసా కలిసి 2014 నుంచి కొన్నేళ్లు గాదంకి, హైదరాబాదు, వారణాసి నుంచి బెలూన్లు ఎగరవేసి దానిని పరిశీలించాయి. ఇక్కడ మనం తగలబెట్టినది ఇక్కడే వాకిలి ఎక్కుతోంది. ఎక్కే వేగం కొలిచేవాడు గాదంకిలో లేకపోతే, దిగేచోట కొలిచేవాడి లెక్క సగమే.

దిగేచోట కూడా మనవాళ్లున్నారు. ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో మన మొదటి దళం 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరి 1982 జనవరిలో అంటార్కిటికాలో దిగింది. అక్కడ మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి. దానిని కట్టిన దళానికి నాయకుడు హర్ష్ గుప్తా. ఆయన తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన ఎస్. శివాజీ అంటార్కిటికా మట్టిలో అంతకు ముందెవరూ ఎరగని బాక్టీరియాలను కనిపెట్టారు. ఇప్పుడు మనకు మైత్రి, భారతి అనే కేంద్రాలున్నాయి. అట్లాసు తీసి గాదంకి మీద వేలు పెట్టండి. 79 డిగ్రీల రేఖాంశం. ఆ గీత పట్టుకుని దక్షిణానికి జరపండి. రామేశ్వరం పక్కగా సముద్రంలో దిగుతారు. తరువాత ఒక దీవి కూడా అడ్డం రాదు. తొమ్మిది వేల కిలోమీటర్లు పోయాక మంచు తగులుతుంది. భారతి కేంద్రం ఆ పక్కనే, 76 డిగ్రీల మీద ఉంది. అది 2012లో మొదలైంది. ఇంకొంచెం పడమరగా, జపానువాళ్ల షోవా కేంద్రంలో మన గాదంకి రాడార్‌కు చెల్లెలి వంటిది ఒకటి ఉంది. 2011లో పని మొదలుపెట్టింది. దానికి 1045 ఏంటెన్నాలు. మనకంటే 21 ఎక్కువ!

ఇంత ఉన్నా మన బడుల విహారయాత్రలు ఎటు పోతున్నాయి? వాటర్ పార్కుకు. మహా అయితే పులికాట్‌కు రాజహంసలను చూడడానికి. అక్కడ కూడా అందరూ పొడుగుకాళ్ల రాజహంసలనే చూసి వస్తారు. బురదలో గబగబా పొడుచుకు తినే చిన్న ఉల్లంకి పిట్టల్లో కొన్ని సైబీరియా ఉత్తరపుటంచున, ధ్రువ ప్రాంతంలో గుడ్లు పెట్టి ఇక్కడికి చలికాలం గడపడానికి వచ్చినవని ఎవరూ చెప్పరు. విహారాలు వద్దనను. వాటిలో ఒక పూట గాదంకికి ఇవ్వమంటాను. ప్రధానోపాధ్యాయులు ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగాలి. పోయే ముందు పిల్లలు నాలుగు ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకోవాలి. ఊరికే వరసలో నిలబడి ఫోటో దిగి రావడం వల్ల లాభం లేదు. ఇక పరీక్షలో “ఓజోన్ రంధ్రం ఏ ఖండంపై ఉన్నది?” అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. “మన జిల్లా మీది గాలికీ దానికీ సంబంధమేమి?” అని నాలుగు మార్కులకు అడగండి.

అంతవరకు మీరు ఇంటి దగ్గరే చేయదగిన పని ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు దూరంగా ఉరుముల మబ్బు కడుతుంది. కొన్ని మబ్బులు పైకెక్కి, కమ్మరి దాగలిలాగా తల బల్లపరుపై పక్కలకు చాపుకుంటాయి. నేను చెప్పిన సరిహద్దు అదే. మబ్బు అంతకు మించి ఎక్కలేక పరుచుకుంటుంది. కోణమానినికి దారం, దారానికి చిన్న రాయి కట్టి, ఆ తల నేలకు ఎంత కోణంలో ఉందో చూడండి. మబ్బు ఏ ఊరి మీద ఉందో అక్కడి చుట్టాలకు ఫోన్ చేసి కనుక్కోండి. ఊరి దూరం పటంలో కొలవండి. పిడుగులు దగ్గరగా పడుతుంటే మాత్రం బయట ఉండకండి, దూరపు మబ్బే మనకు కావలసింది. దూరం 60 కిలోమీటర్లు, కోణం 15 డిగ్రీలు అయితే ఎత్తెంత? పదో తరగతివాళ్లకు టాన్ పట్టిక ఉంది. చిన్నవాళ్లు కాగితం మీద స్కేలుతో త్రిభుజం గీసి కొలవవచ్చు. ఏ తేదీన, ఏ ఊరి నుంచి, ఏ ఊరి మబ్బు చూశారో, ఎత్తు ఎంత వచ్చిందో పత్రికకు రాసి పంపండి.